కుర్చీ చప్పుడు

ఫిబ్రవరి 4

ఇంటికి వచ్చాను. రోజూ ఏం తాగానో రాసిపెట్టమని నర్సమ్మ చెప్పింది. పనుల పుస్తకంలో వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి. అందులోనే రాస్తున్నాను.

పాలు. పలచటి జావ. మళ్ళీ పాలు.

కింది దవడ రెండు పక్కలా కోసి, వెనక్కి జరిపి, చిన్న పలకలు పెట్టి మరలు బిగించారు. పై పళ్ళకీ కింది పళ్ళకీ కలిపి రబ్బరు బాండ్లు. తాగేటప్పుడు తీసి, తాగాక పెట్టుకోవాలి. ఎడమ పక్క పెదవి, గడ్డం నావి కావు. గ్లాసు పెదవికి ఆనిందో లేదో చేతిని అడిగి తెలుసుకోవాలి.

అమ్మ చాలాసేపు చూసింది. "పుట్టినప్పుడు కూడా ఇంత ఉబ్బి లేవురా" అంది.

ఫిబ్రవరి 6

జావ. జావ. జావ.

ఫిబ్రవరి 9

అమ్మకూ నాకూ ఒకే గిన్నెలోంచి పోస్తోంది మా ఆవిడ. అమ్మకు పళ్ళు లేవు, నాకు పళ్ళు తెరుచుకోవు. అమ్మ అందులో రొట్టె ముక్క నానబెట్టుకుని చిగుళ్ళతో నలుపుకుంటూ తింటుంది. నేను చూస్తూ కూర్చుంటాను.

"దిష్టి పెట్టకురా. ఈ ఇంట్లో ఇవాళ గట్టిగా నమిలేది నేనొక్కదాన్నే" అంది.

ఆవిడ నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి.

ఫిబ్రవరి 12

బావమరిది వచ్చాడు. గుమ్మంలోనే ఆగి, "అక్కా, సొరుగు మూసుకుపోయిందే!" అని అరిచాడు. నా కింది దవడ ముందుకు ఉండేది కాబట్టి వాడు చిన్నప్పటి నుంచి నన్ను సొరుగు బావ అంటాడు. మాది సోఫాలూ కుర్చీలూ బాగుచేసే దుకాణం. వాడికి అన్నీ అలాగే కనిపిస్తాయి.

"పేరు మార్చాలి బావా. మూసిన సొరుగుని ఏమంటారు?"

"నోర్ముయ్యరా" అంది ఆవిడ.

"నేను ముయ్యడమేంటి, అది బావ చేశాడుగా."

పని బోలెడు ఉందట. నేను ఆసుపత్రికి వెళ్ళే ముందు వచ్చిన పెద్ద కుర్చీ ఇంకా విప్పలేదట. ఒక్కడికి అయ్యే పని కాదు. ఆ మాట వాడు అనలేదు. నాకు తెలుసు.

ఫిబ్రవరి 15

డాక్టరమ్మ చూసింది. బాగుంది అంది. ఇంకా చాలా చెప్పింది, ఉన్నది ఉన్నట్టు రాసిపెడుతున్నాను.

ఎముక అతుక్కోవాలంటే ఆరు వారాలు దేన్నీ కొరకకూడదు, దేన్నీ లాగకూడదు. అంతదాకా దవడను పట్టి ఉంచేది ఆ పలకలే. చెంపలో నమిలే కండ ఉంటుంది. ఎముక జరిగింది కాబట్టి కండ కూడా కొత్త చోటి నుంచి లాగడం నేర్చుకోవాలి. పని లేక చిక్కుతుంది కూడా. కొరికే బలం ముందు బాగా పడిపోతుంది. పాత బలం రావడానికి ఆరు నెలలు. ఆ తర్వాత మెల్లగా అంతకంటే పెరుగుతుంది.

"మీకు పాత బలం కూడా పెద్దగా లేదనుకోండి" అంది.

నిజమే. ఆపరేషన్‌కు ముందు చెంచా లాంటి పరికరం ఒకటి కొరికించి కొలిస్తే ముల్లు కాస్త కదిలి ఆగిపోయింది. నా ముందు పళ్ళు ఎప్పుడూ ఒకదానికొకటి తగలలేదు. వెనక రెండు పక్కలా రెండేసి పళ్ళు, అవే కలిసేవి. రొట్టె చేత్తో తుంచుకుని మింగేవాణ్ణి. నమలడం అంటే మింగడం కాదని ఈ వయసులో ఒకరు చెప్పాలా? చెప్పారు. పోయిన వానాకాలంలో దుకాణంలోనే ముద్ద అడ్డుపడి కళ్ళు తేలేశాను. ఆవిడ వీపు మీద గుద్ది గుద్ది బయటికి తెచ్చింది. ఆపరేషన్‌కు పట్టుబట్టింది ఆవిడే.

ఫిబ్రవరి 20

చెంప మీద వేళ్ళు పెట్టి పళ్ళు బిగించినట్టు చేశాను. ఇదివరకు అక్కడ కండ ఉబికేది. ఇప్పుడు ఏమీ లేదు. దూది తీసేసిన దిండు గలీబులా ఉంది.

ఫిబ్రవరి 24

దుకాణానికి వెళ్ళాను, ఊరికే కూర్చుందామని.

బావమరిది ఆ పెద్ద కుర్చీకి స్ప్రింగులు కడుతున్నాడు. ముడి జారిపోతోంది. స్ప్రింగును నొక్కి పట్టడానికి ఒక జత చేతులు, పురికొస లాగి పట్టడానికి ఇంకో జత, ముడి వెయ్యడానికి మరో జత కావాలి. ఉన్నది ఇద్దరం. వెళ్ళి స్ప్రింగు నొక్కి పట్టాను. అప్పుడే పాలు తాగాను కాబట్టి బాండ్లు తీసే ఉన్నాయి.

పురికొస బిగిసింది. ముడి పడింది.

ఒక చప్పుడు వచ్చింది. కుర్చీ పాతది, చట్రం కీళ్ళు వదులయ్యాయి. చప్పుడు కుర్చీది.

ఫిబ్రవరి 25

నొప్పి లేదు. ఏదైనా జరిగి ఉంటే నొప్పి ఉండేది.

ఫిబ్రవరి 26

ఎడమ పక్క కొద్దిగా వాపు. ఆ పక్క మొద్దుబారి ఉంది కాబట్టి నొప్పి తెలియదేమో అని ఒకసారి అనిపించింది. వాపు పడుకోవడం వల్ల వచ్చింది.

పళ్ళతో పట్టింది ఎంతసేపు? రెప్పపాటు. పట్టాలని పట్టలేదు. చేతులు రెండూ స్ప్రింగు మీద ఉన్నాయి, పురికొస ముఖం ముందుకు వచ్చింది, నోరు తీసుకుంది. ఎన్నో ఏళ్ళుగా అదే చోట, అవే వెనక పళ్ళతో పడుతున్నాను. అలవాటు నన్ను అడగలేదు.

ఫిబ్రవరి 27

ఆపరేషన్ అయ్యాక పై పళ్ళ నడిమి సందు, కింది పళ్ళ నడిమి సందు ఒకదాని కింద ఒకటి ఉండేవి. ఇవాళ చూస్తే కిందిది ఒక పక్కకు ఉంది. గోడకు అద్దం వంకరగా ఉంది. మేకు పీకి మళ్ళీ కొట్టాను.

సాయంత్రం మళ్ళీ చూశాను. అద్దం మొదట సరిగ్గానే ఉండింది. ఇప్పుడే వంకరగా ఉంది.

ఫిబ్రవరి 28

బావమరిది వచ్చాడు. ఇవాళ సొరుగు మాట ఎత్తలేదు. ఆవిడ వంటింట్లో ఉండగా పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు.

"బావా, మొన్న ఆ చప్పుడు..."

"కుర్చీ" అన్నాను పళ్ళ మధ్య నుంచి.

"అది కాదు బావా, నువ్వు చెంప పట్టుకున్నావు కదా..."

"కుర్చీ."

వాడు నా ముఖం చూసి, "సరేలే, కుర్చీయే" అన్నాడు. వెళ్ళేటప్పుడు చెప్పులు ఎడమది కుడికాలికి వేసుకుని, మళ్ళీ మార్చుకున్నాడు.

మార్చి 1

ఎడమ పక్క రెండు బాండ్లు అదనంగా వేశాను. లాగితే కింది పళ్ళ సందు దాని చోటికి వస్తుంది. గుడ్డ జారితే అలాగే కదా లాగి మేకు కొడతాం.

మార్చి 2

బలం ఉందో లేదో తెలిస్తే చాలు. బలం ఉంటే ఎముక బాగున్నట్టే.

పురికొసకు రాసే తేనెమైనం ఉండ ఒకటి దుకాణం నుంచి తెప్పించాను. చిన్న బిళ్ళలు చేసి, ఒకటి వెనక పళ్ళ మధ్య పెట్టి ఆనించాను. కొరకలేదు, ఆనించానంతే. గీత పడీ పడనట్టు పడింది. బిళ్ళలు వంటింటి కిటికీలో పెట్టాను.

మార్చి 4

జావ. పాలు. ఎండలు మొదలయ్యాయి. రెండో బిళ్ళ మీద గాటు మొదటిదాని కంటే లోతు.

మార్చి 6

ఉక్కపోత. మూడో బిళ్ళ మీద పన్ను ఆకారం కూడా తెలుస్తోంది. బలం వస్తోంది. ఊరికే కంగారుపడ్డాను. జావ ఇంకో గిన్నె అడిగాను. ఆవిడ ఆశ్చర్యపోయింది.

మార్చి 7

మధ్యాహ్నం అమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. "ఇవేంట్రా, బెల్లం ముక్కల్లా దాచుకుంటున్నావు?" అంది. చెప్పాను. పళ్ళ మధ్య నుంచి అంతా చెప్పడం కష్టమైంది, కానీ సంతోషంగా ఉండి చెప్పాను. బలం కొలుస్తున్నాను, రోజురోజుకూ పెరుగుతోంది అని.

అమ్మ ఎండ పడుతున్న చోటి నుంచి ఒక బిళ్ళ తీసి నోట్లో పెట్టుకుంది. నమిలినట్టు చేసి, తీసి నా అరచేతిలో పెట్టింది. చిగుళ్ళ అచ్చు. నా గాటు కంటే లోతు.

"ఎండకి మెత్తబడిందిరా నాన్నా" అంది.

మార్చి 8

నర్సమ్మ ఫోన్ చేసిందట. వచ్చే వారం కాదు, రేపే రమ్మందట. ఎందుకు అని అడిగాను. "ఏమో, రమ్మన్నారు" అంది ఆవిడ. నా వైపు చూడకుండా గిన్నెలు సర్దుతూ చెప్పింది.

మార్చి 9

ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ దాన్ని వెలుగులో పెట్టి చూసింది. ఎడమ పక్క పలక వంగింది. ఒక మర ఊడి వచ్చింది. కోసిన ఎముక అంచులు కలవలేదు, జరిగాయి.

"గట్టిది ఏమైనా కొరికారా? పోనీ దెబ్బ తగిలిందా? పడ్డారా?"

ఆవిడ నా పక్కనే కుర్చీలో ఉంది. నన్నే చూస్తోంది.

నేను తల అడ్డంగా ఊపాను.

"బాగా గుర్తు తెచ్చుకోండి. ఏ బలమూ పడకుండా మర ఊడిందంటే ఎముకలోనే ఏదో ఉంది. చీము పట్టిందేమో, లేదా మీ ఎముక అతికే రకం కాదేమో. అప్పుడు ఇంకో పలక వేసినంత మాత్రాన లాభం లేదు. తుంటి ఎముక నుంచి ముక్క తీసి ఇక్కడ పెట్టాలి. పెద్ద ఆపరేషన్. కొన్నాళ్ళు నడక కూడా కష్టమే."

మళ్ళీ ఊపాను. మొదటిసారి ఊపిన తల రెండోసారి తేలిగ్గా ఊగింది.

నోరు తెరుచుకోకుండా తీగలు బిగించారు. మందులు రాశారు. వారం తర్వాత రమ్మన్నారు, అప్పుడు ఏదో ఒకటి తేలుస్తారట.

మార్చి 10

జావ, గొట్టంతో.

ఆవిడ జావను పలచటి గుడ్డలో వడగట్టింది. ఇదివరకు ఒకసారే వడగట్టేది, ఇవాళ రెండుసార్లు. తర్వాత గుడ్డను వేళ్ళతో తడిమి తడిమి చూసింది.

"ఆ వారం జావలో పలుకు ఏదైనా ఉండిపోయిందేమో. నా వల్లేనంటారా?"

కాదని చెయ్యి ఊపాను.

"మరి దేనివల్ల?"

జావ బాగుందని సైగ చేశాను.

మార్చి 11

జావ. రెండుసార్లు వడగట్టింది.

"గట్టిగా ఏమీ పెట్టలేదు కదండీ నేను?"

లేదు.

మార్చి 12

తుంటి మీద చెయ్యి వేసి చూసుకున్నాను. ఇది బాగానే ఉన్న ఎముక. దీని తప్పు ఏమీ లేదు.

చెబితే ఏమవుతుంది? ఏమీ కాదు. డాక్టరమ్మ కోప్పడుతుంది, అంతే. ఆవిడ ఏమీ అనదు. ఆ అనకపోవడమే భయం. ఆపరేషన్‌కు ముందు రోజు ఆవిడ అడిగింది ఒక్కటే: "నయం అయ్యేదాకా నోట్లో మేకులూ పురికొసలూ పెట్టనని చెప్పండి." చెప్పాను. మాటలు తక్కువ వాణ్ణి, చెప్పిన ఆ కొన్నీ నిలబెట్టుకుంటానని నాకు పేరు.

అయినా చప్పుడు కుర్చీది కాదని ఎవరు చెప్పగలరు? ఆ చట్రం నిజంగానే వదులు.

మార్చి 13

బరువు తగ్గాను. బెల్టుకు దబ్బనంతో కొత్త కన్నం పొడిచాను.

అమ్మ తన రొట్టె ముక్క పక్కన పెట్టేసింది. "వాడు తినకుండా నాకు సయించదు" అంది. ఇప్పుడు ముగ్గురమూ జావే తాగుతున్నాం. ఆవిడ ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు.

మార్చి 14

ఆవిడ గుడ్డ పిండుతూ ఏడ్చింది. "నేనే ఏదో చేసి ఉంటాను. ఇంకెలా ఊడుతుంది?" అని నా కళ్ళలోకి చూసింది. చాలాసేపు చూసింది.

చెబుదామనుకున్నాను. నోటికి తీగలు ఉన్నాయి. రాసి చూపడానికి పలక ఉంది, బలపం ఉంది. బలపం తీసుకుని రాశాను.

"నీ తప్పు కాదు" అని రాశాను.

చదివి, "ఇంతేనా?" అంది.

పలక తుడిచేశాను.

మార్చి 15

తీగలు కత్తిరించే చిన్న కత్తెర ఒకటి ఇచ్చారు, ఊపిరి ఆడకపోతే కత్తిరించుకోమని. జేబులోనే ఉంటుంది. ఇవాళ ఊపిరి ఆడుతూనే ఉండగా మూడుసార్లు చేతిలోకి తీసుకున్నాను.

రేపు తేలుస్తారు.

మార్చి 16

రాయాలి.

డాక్టరమ్మ చీము లేదంది. రక్తం పరీక్ష బాగుంది. "అంటే ఎముకే అనుకోవాలి. తుంటి నుంచి తీద్దాం. ఇరవయ్యో తారీకు. సంతకం పెట్టండి" అని కాగితం నా ముందుకు జరిపింది. కలం తీసుకున్నాను.

ఆవిడ కాగితం మీద చెయ్యి పెట్టింది.

"ఆయన పురికొస లాగారండీ, పళ్ళతో. పోయిన నెల ఇరవై నాలుగున. దుకాణంలో కుర్చీకి కడుతూ."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను కాగితం వైపు చూశాను.

"ఎంత బలంగా?"

"స్ప్రింగు బిగిసేంత. చప్పుడు మా తమ్ముడికి కూడా వినిపించింది."

"ఇదంతా పోయినసారే చెప్పాల్సింది కదమ్మా!"

"ఆయన చెబుతారని చూశానండీ" అంది ఆవిడ.

బావమరిది నన్ను చప్పుడు సంగతి అడిగి వెళ్ళిన సాయంత్రమే ఆవిడకు చెప్పాడట. అప్పటి నుంచీ ఆవిడకు తెలుసు. నర్సమ్మ ఫోన్ చేయలేదు, ఆవిడే చేసింది. రెండుసార్లు వడగట్టడం, పలుకు ఉందేమో అనడం, నా వల్లేనా అనడం. నేను తొయ్యడానికి రోజుకో తలుపు దగ్గరగా వేసి పెట్టింది. ఒక్కటీ తొయ్యలేదు.

డాక్టరమ్మ కాగితం చింపేసి ఇంకోటి రాసింది. బలం వల్లే పోయిందంటే ఎముక మంచిదేనట. తుంటి జోలికి పోనక్కర లేదు. ఆ పక్క మళ్ళీ తెరిచి, సరిచేసి, మందమైన పలక వేస్తారు. "కానీ ఆ కండను మళ్ళీ కదిలించాలి. పెదవికి స్పర్శ వస్తుందో రాదో చెప్పలేను. బలం అందరికంటే ఆలస్యంగా వస్తుంది. రాకపోవచ్చు కూడా" అంది.

బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. దిగాక, "చివరికి తుంటి కూడా కోయించుకుందామనుకున్నారా?" అంది.

అనుకున్నాను.

మార్చి 23

ఇంటికి వచ్చాను. జావ. ఒకసారే వడగట్టింది.

ఏప్రిల్ 2

జావ. ఆవిడ నాతో జావ సంగతి, మందుల సంగతి మాట్లాడుతుంది. మిగతావి అమ్మతో మాట్లాడుతుంది.

ఏప్రిల్ 19

పెదవి అలాగే ఉంది.

మే 8

తీగలు తీశారు. నోరు ఒక వేలు పట్టేంత తెరుచుకుంటోంది. రోజూ పళ్ళ మధ్య ఒకదాని మీద ఒకటి పుల్లలు పేర్చి, మెల్లగా తెరవమన్నారు.

దుకాణంలో బల్ల అంచుకు బావమరిది ఒక ఇనుప పట్టు బిగించాడు. పురికొస అందులో పెట్టి పిడి తిప్పితే వదలదు.

"ఇదిగో బావా, నీ కొత్త దవడ. వాపు లేదు, జావ అక్కర్లేదు. నోరు మెదపదు కూడా, అచ్చం నీలాగే."

నేను నవ్వలేదు. వాడి ముఖం పాలిపోయింది.

"బావా, అక్కకి చెప్పానని కోపమా?"

"మంచి పని చేశావు" అన్నాను. ఆ మాటకు దవడ నొప్పి పుట్టింది.

మే 9

ఆ పట్టుకు సుద్దతో బావ అని రాశాడు. వచ్చినవాళ్ళంతా అడుగుతున్నారు. చెరిపేయలేదు.

జూన్ 27

చెంచా పరికరం కొరికించారు. ముల్లు కదలలేదు. ఇంకోసారి కొరకమన్నారు. కదిలిందని నర్సమ్మ అంది. కదలలేదు. నేను చూశాను. కదలలేదనే రాస్తున్నాను.

జూలై 21

మెత్తగా ఉడికిన గుడ్డు. చెంప అంతా సాయంత్రం దాకా నొప్పి. నొప్పి కండదేనట, మంచిదేనట.

సెప్టెంబర్ 14

పొద్దున పెనం మీద కాల్చిన రొట్టె అడిగాను. ఆవిడ పాలలో నానబెట్టబోయింది. వద్దన్నాను. అమ్మ తన ముక్క గిన్నెలో వదిలేసి చూస్తోంది.

ముందు పళ్ళతో కొరికాను. పుట్టిన తర్వాత మొదటిసారి అవి ఒకదానికొకటి తగిలాయి. ముక్క తెగింది. ఎడమ పక్కకు తీసుకుని నమిలాను. చప్పుడు వచ్చింది.

ఆవిడ చేతిలోని గ్లాసు కింద పెట్టేసింది.

"ఏంటది?"

"రొట్టె."

నమ్మలేదు. ఎందుకు నమ్మాలి? లేచి వచ్చి నా చెంప మీద, ఎడమ పక్క, చెయ్యి పెట్టింది. చెంప మీద అరచేయి వెచ్చగా తెలిసింది. వేళ్ళు గడ్డం మీద ఉన్నాయి, అవి తెలియలేదు.

"మళ్ళీ నమలండి."

నమిలాను. చప్పుడు వచ్చింది.

"మళ్ళీ."

మళ్ళీ నమిలాను. కండ నొప్పి పెడుతోంది. అమ్మ, "రొట్టేనే అమ్మాయ్, నాకు వినిపిస్తోంది" అంది. ఆవిడ చెయ్యి తీయలేదు. రొట్టె అయిపోయేదాకా, ఆవిడ చేతి కింద నమిలాను.